వీపు మీద ఇల్లు (ఎల్క్ వేట పాఠాలు – 4)

పోయిన పాఠం స్లీపింగ్ బ్యాగు దగ్గర ఆపాం. అప్పుడిచ్చిన పని చేసి ఉంటే మీ దగ్గర ఒక కాగితం ఉంటుంది. బ్యాగు, పరుపు, స్టవ్, తిండి, విల్లో తుపాకో, బైనాక్యులర్, అన్నిటి బరువూ గ్రాముల్లో రాసి ఉంటుంది. టెంట్ గడి ఒక్కటే ఖాళీగా వదిలేయమన్నాను. ఈసారి గట్టిగానూ తేలికగానూ ఉండే టెంట్ ఎంచుకుని దాన్ని నింపుదాం.

టెంట్ కొన్నానని మొదటిసారి ఫోన్లో చెబితే మా నాన్న "పెళ్లెవరిదిరా?" అన్నారు. తప్పేం లేదు, మనకు టెంట్ అంటే టెంట్ హౌస్, షామియానా, ఎర్ర కుర్చీలే. పైగా ఇండియాలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్ల వేట నేరం. కాబట్టి ఇంకోసారి చెబుతున్నాను, ఈ పాఠాలు అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఎల్క్ (ఒక పెద్ద జింక) వేటకు లైసెన్సు, ట్యాగు (ఒక జంతువును వేటాడే అనుమతి చీటీ) తీసుకుని నేషనల్ ఫారెస్టులోకి కాలినడకన వెళ్లేవాళ్ల కోసం. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ కార్డు తప్పనిసరి. ఆ సంగతంతా మొదటి పాఠంలో ఉంది.

ట్రెక్కింగ్‌కి వెళ్లేవాళ్లు రాసే టెంట్ రివ్యూలు నేనూ చదువుతాను, బాగుంటాయి. కానీ వాళ్ల టెంట్ బతుకు వేరు. పొద్దున్నే మడిచి సంచిలో పెట్టి ఇంకో చోటికి పోతారు. మనం ఒక లోయలో వేసి నాలుగైదు రోజులు అక్కడే ఉంచుతాం. తెల్లారకముందే బయటికి పోతే మళ్లీ చీకటి పడ్డాక హెడ్‌ల్యాంపు వెలుతురులో వెతుక్కుంటూ వస్తాం. పగలంతా ఇంట్లో మనిషి ఉండడు. పది వేల అడుగుల ఎత్తున సెప్టెంబరు మధ్యాహ్నం ఉరుములు, వడగళ్లు మామూలే. ఒక్కో ఏడాది అదే నెలలో మంచు కూడా పడుతుంది. తాడు వదులైతే బిగించేవాడు ఉండడు. అందుకే నా లెక్కలో గట్టి టెంట్ అంటే మీరు లేని పూట కూలకుండా నిలబడేది. చిరగదా, తడవదా అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు.

ఇక తేలిక సంగతి. ఎదిగిన మగ ఎల్క్ మన కణుజు కంటే పెద్దది, మూడు వందల కిలోల పైమాటే. ఎముకలు తీసేసినా మాంసం ఎనభై నుంచి వంద కిలోలు ఉంటుంది. ఒక్కడే మోస్తే మూడు నాలుగు విడతలు. ఆఖరి విడతలో మాంసం మీద టెంట్ కూడా ఎక్కుతుంది, అప్పటికి మోకాళ్లు మాట వినవు. వెళ్లేటప్పుడు ఎవరికైనా ఏ టెంటైనా తేలికే. కొనేముందు ఆ ఆఖరి విడతను తలుచుకోండి. అలాగని ఏడు వందల గ్రాముల టెంట్ వెంట పడక్కర్లేదు. ఒక్క మనిషికి కిలోంబావు నుంచి కిలోముప్పావు మధ్యలో మంచివి దొరుకుతాయి. మిగతా బరువు తిండి సంచిలో తగ్గించుకోవచ్చు. మనవాళ్లు మోసే పచ్చడి సీసాల గురించి ఆరో పాఠంలో మాట్లాడదాం.

గుడ్డ సంగతి కొంచెం నిదానంగా చూద్దాం, డబ్బు పోయేది ఇక్కడే.

లేబుల్ మీద 20డి, 40డి అని ఉంటుంది. డి అంటే డెనియర్. పట్టునేత తెలిసిన ఇళ్లవాళ్లకు ఇది కొత్త కాదు, పట్టు దారాన్ని కొలిచేదీ దీంతోనే. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అంకె పెరిగితే దారం లావు. అయితే ఈ ఒక్క అంకె చూసి కొంటే మోసపోతారు, దాని మీద పూత ఏమిటో కూడా చూడాలి. నైలాన్‌కి రెండు వైపులా సిలికాన్ పూస్తే గుడ్డ చిరుగుకు ఇంకా బాగా ఆగుతుంది. చవక టెంట్ల మీద వేసే పాలీయురెథేన్ (ఒక రకం ప్లాస్టిక్) పూత ఆ బలాన్ని తగ్గిస్తుంది, పైగా కొన్నేళ్లకు తేమకి విరిగిపోయి జిగురు జిగురుగా తయారై కంపు కొడుతుంది. అటక మీద మడిచి పెట్టిన పాత రెయిన్‌కోటు వాసన గుర్తుందా? అదే. అందుకే రెండు వైపులా సిలికాన్ ఉన్న 20డి గుడ్డ, చవక పూత వేసిన 40డి కంటే మేలు కావచ్చు.

సిలికాన్‌తో ఒక చిక్కుంది. దానికి కుట్ల మీద టేపు సరిగా అంటదు. చాలా టెంట్లకు కుట్ల మీద సిలికాన్ సీలర్ మనమే పూసుకోవాలి. ఒక సాయంత్రం పని. చేయకపోతే చినుకు నేరుగా నుదుటి మీద పడుతుంది.

తడిస్తే నైలాన్ సాగుతుంది. మధ్యాహ్నం వానకి సాగి, సాయంత్రానికి పైగుడ్డ లోపలి గుడ్డకు అంటుకుని కూర్చుంటుంది. మనిషి ఉంటే రెండు తాళ్లు లాగి కడతాడు. లేడు కదా. పాలియెస్టర్ అంతగా సాగదు, ఎండకూ బాగా ఓర్చుకుంటుంది. ఎత్తులో ఎండ గుడ్డను తినేస్తుంది కాబట్టి రోజుల తరబడి నిలబెట్టే మనకు అదీ ముఖ్యమే. కానీ అదే మందంలో నైలాన్‌దే ఎక్కువ బలం. నా తీర్పు చెబుతాను. సెప్టెంబరు విల్లు సీజన్‌కి సిలికాన్ పాలియెస్టర్. అక్టోబరు, నవంబరు తుపాకి సీజన్లకి, మంచు బరువు పడుతుంది కాబట్టి, 30డికి తగ్గని సిలికాన్ నైలాన్. నైలాన్ కొంటే ప్రతి తాడుకీ చివర జానెడు ఎలాస్టిక్ తాడు ముడేయండి. గుడ్డ సాగినంత అది లాక్కుంటుంది.

డైనీమా అనే మూడో రకం ఉంది. సాగదు, నీళ్లు పీల్చదు, దూదిలా తేలిక. కానీ రాపిడికీ, ముల్లుకీ ఓర్వదు, ధర కూడా చాలా ఎక్కువ. రాళ్ల మీద పడుకునేవాణ్ని దీన్ని కొనమని నేను చెప్పను.

కర్రల విషయంలో నేను తిన్న దెబ్బ చెబుతాను. మొదటి ఏడాది చేతికర్రలతో నిలబెట్టే టెంట్ కొన్నాను. వేరే కర్రలు అక్కర్లేదు, అరకిలో ఆదా అని తెగ మురిసిపోయాను. తీరా చూస్తే పొద్దున వేటకు వెళ్లేటప్పుడు కర్రలు పట్టుకుపోతే టెంట్ పడిపోతుంది, వదిలేసి పోతే ఏటవాలు కొండ మీద నా కాళ్లకు దిక్కు లేదు. రెండో రోజు అడవిలో ఒక ఎండుకొమ్మ కొట్టి నిలబెట్టాను. ఆ సాయంత్రం వచ్చేసరికి కొమ్మ జారి, స్లీపింగ్ బ్యాగు గుడ్డ కింద తడిసి ముద్దయి ఉంది. మర్నాడు కారు దగ్గరికి నడక. కాబట్టి సొంత కర్రలున్న టెంటే కొనండి, అదీ అల్యూమినియం. కార్బన్ తేలికే గానీ విరిగిందంటే చీలికలై పోతుంది, అల్యూమినియం ముందు వంగుతుంది. విరిగినచోట తొడగడానికి బెత్తెడు గొట్టం ముక్క ఇస్తారు, పారేయకండి.

రెండు పొరల టెంట్ తీసుకోండి, రాత్రి మన ఊపిరి తేమ బయటి పొర లోపల చేరినా మీద పడదు. ముందు వసారా బూట్లు, సంచి పట్టేంత ఉండాలి. రంగు గురించి టెన్షన్ వద్దు, ఎల్క్ కనిపెట్టేది ముందు మన వాసనని. తుపాకి సీజన్లో ఒంటి మీద 500 చదరపు అంగుళాల ఆరెంజ్ గానీ పింక్ గానీ ఉండాలన్న నియమం మనిషికే, టెంటుకు కాదు.

లోపల చిన్న కట్టెల పొయ్యి పెట్టుకునే అడుగు లేని టెంట్లు చలి సీజన్లో స్వర్గమే. తడిబట్టలు ఆరతాయి. కానీ పొయ్యి ఆర్పకుండా, గాలి దారి మూసి పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ చంపేస్తుంది. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే ఆలోచించండి. మొదటి ఏడాది వద్దు.

బరువు చదివేటప్పుడు జాగ్రత్త. కంపెనీ రెండు అంకెలు వేస్తుంది. చిన్నదాంట్లో మేకులు, తాళ్లు, సంచి ఉండవు. మన కాగితంలో రాయాల్సింది పెద్దది. అదీ నమ్మకుండా వంటింటి తూకం మీద పెట్టండి.

ఎంత మంచి టెంటైనా ఎండుచెట్టు కింద వేస్తే దండగ. కొలరాడోలో బెరడు పురుగు పట్టి నిలువునా ఎండిన స్ప్రూస్, పైన్ చెట్లు కొండలకు కొండలే ఉన్నాయి. గాలికి ఎప్పుడు విరుగుతాయో చెప్పలేం. మేకు కొట్టే ముందు తల పైకెత్తి చుట్టూ ఒకసారి చూడండి. మాంసం కూడా టెంటుకు దూరంగా వేలాడదీయాలి, నల్ల ఎలుగులు తిరుగుతుంటాయి.

వచ్చే పాఠం లోపు చేయాల్సిన పని: కొన్నదో, అడిగి తెచ్చుకున్నదో, ఒక టెంట్ పెరట్లో వేయండి. సాయంత్రం పావుగంట పైపుతో నీళ్లు కొట్టి, తాళ్లు ముట్టుకోకుండా తెల్లారేదాకా వదిలేయండి. పొద్దున ఏ మూల వదులైందో, ఏ కుట్టు కారిందో రాసుకోండి. తర్వాత లైట్లు ఆపేసి, చేతికి గ్లౌజులు తొడుక్కుని, దాన్ని విప్పి మళ్లీ వేయండి. ఎన్ని నిమిషాలు పట్టిందో కాగితంలో టెంట్ బరువు పక్కనే రాయండి. అయిదో పాఠంలో మేకులు, ముడులు మొదలుపెట్టేది ఆ అంకెతోనే.