గదిలో గొంతు మారుమోగకుండా ఎలా చేశానంటే

పదో తరగతి లెక్కలు చెబుతూ యూట్యూబ్ చానల్ మొదలుపెట్టాను. వీడియో స్పష్టంగానే వస్తోంది, గొంతు మాత్రం బావిలోంచి మాట్లాడినట్టు ఉండేది. పిల్లలు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటారు, ఆ మోతలో లెక్క ఏం బుర్రకెక్కుతుంది? కొత్తవాళ్లు లైట్లు, కెమెరా కొనేముందు ఆడియో సంగతే చూసుకోవాలంటాను.

కారణం ఫోన్ కాదు, గది. కింద టైల్స్, చుట్టూ ఖాళీ గోడలు. శబ్దం వాటికి తగిలి వెనక్కి వచ్చి మాటతో కలిసిపోతుంది. అందుకే పరుపు ఉన్న గదిలోకి మారాను. బట్టల బీరువా తలుపులు తెరిచి, ఎదురుగా తాడు కట్టి బొంతలు వేలాడదీశాను. మోత చాలావరకు అక్కడే పోయింది.

తర్వాత కాలర్ మైక్ తెచ్చాను. ఫోన్ జాక్‌కి మూడు గీతలున్న పిన్ కావాలి. రెండు గీతలది మామూలుగా కెమెరాలకు. అది పెడితే చాలా ఫోన్లు గుర్తించవు, సొంత మైక్‌తోనే రికార్డు చేసేస్తాయి. షాపులో అడిగి మార్చుకున్నాను. మైక్ గడ్డానికి జానెడు కింద ఉంటుంది. చెమట పట్టినా ఫ్యాన్ ఆపేస్తాను.

మొదట్లో కొన్ని సెకన్లు మాట్లాడకుండా రికార్డు చేస్తాను. ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ముక్కను నమూనాగా చూపిస్తే మిగతా హోరు తగ్గించేస్తుంది. మరీ ఎక్కువగా తగ్గిస్తే మాత్రం గొంతు రేకుడబ్బాలా అవుతుంది, కొద్దిగానే వాడాలి.