పెద్ద సంఖ్యల లైబ్రరీలు: స్లోగా ఉన్నది లైబ్రరీయా, మన కొలతా?

పైథాన్‌లో రాసిన లెక్క నత్తనడక నడుస్తోంది. పెద్ద సంఖ్యల లెక్కల కోసమే రాసిన జీఎంపీ లైబ్రరీకి మారితే దూసుకుపోతుందని ఎవరో చెప్పారు. మార్చి చూస్తే ఏ తేడా లేదు. లేదా తేడా ఎంత వచ్చిందంటే నమ్మబుద్ధి కావడం లేదు. ఇలాంటి ప్రశ్నతో ఎవరైనా వచ్చినప్పుడు నేను ముందు లైబ్రరీ పేరు అడగను. టైమర్ ఎక్కడ మొదలుపెట్టారు, ఎక్కడ ఆపారు అని అడుగుతాను. చాలాసార్లు పంచాయితీ అక్కడే తేలిపోతుంది.

ముందు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. చిన్నప్పుడు పలక మీద గుణకారం చేసేటప్పుడు "ఏడెనిమిదులు యాభై ఆరు, ఆరు వేసి ఐదు చేతిలో" అనుకునేవాళ్లం కదా, ఈ లైబ్రరీలన్నీ చేసేది అదే. కాకపోతే ఒక్కో గడిలో మనం 0 నుంచి 9 దాకా పెడితే, 64 బిట్ల మెషీన్ మీద జీఎంపీ ఏకంగా 64 బిట్లు పెడుతుంది. ఆ గడిని లింబ్ అంటారు. సీపైథాన్ (మనం మామూలుగా వాడే పైథాన్) 30 బిట్లు పెడుతుంది, జావాలో పెద్ద పూర్ణాంకాల క్లాస్ బిగ్‌ఇంటీజర్ 32. అంటే జీఎంపీ ఒక్క గుణకారంతో తేల్చే పనికి పైథాన్ నాలుగైదు చేయాలి. దీనికితోడు జీఎంపీలోని కీలకమైన లూపులు ఒక్కో రకం ప్రాసెసర్‌కి విడిగా అసెంబ్లీలో రాసినవి. కాబట్టి కొంత తేడా ఎలాగూ ఉంటుంది. అది ఉండాల్సినంత లేకపోయినా, మరీ ఎక్కువగా కనబడినా కింద చూడండి.

సమస్య: లెక్క వెంటనే అయిపోయింది, ప్రింట్ దగ్గర ఇరుక్కుపోయింది

అందరికీ ఎదురయ్యేది ఇదే కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

2 ఘాతం 10,00,000 తీసుకోండి. ఇందులో 3,01,030 అంకెలు ఉంటాయి. పైథాన్‌లో దీన్ని లెక్కగట్టడం కన్ను మూసి తెరిచేంత పని. ప్రింట్ కొట్టండి. కొత్త వెర్షన్లలో అసలు ప్రింటే అవదు, 4300 అంకెల పరిమితి దాటిందని వాల్యూ ఎర్రర్ వస్తుంది. పాత వెర్షన్లలో ఎర్రర్ రాదు గానీ, కర్సర్ అలా మిణుకుమంటూ ఉంటుంది.

సంఖ్య లోపల ఉన్నది 2 ఆధారంగా, మనకి కావాల్సింది 10 ఆధారంగా. ఆ మార్పిడిని 3.11 దాకా పైథాన్ పలక పద్ధతిలోనే చేసేది. అంకెలు రెట్టింపైతే సమయం నాలుగు రెట్లు. వెబ్ సర్వర్‌కి ఎవరైనా లక్షల అంకెల సంఖ్య పంపి దాన్ని కూలబెట్టే అవకాశం ఉందని 2022లో ఆ 4300 పరిమితి తెచ్చారు, పాత వెర్షన్లకీ సెక్యూరిటీ అప్‌డేట్‌గా ఇచ్చారు. 3.12 నుంచి మార్పిడి పద్ధతే మెరుగైంది, పరిమితి మాత్రం అలాగే ఉంది.

అందుకే టైమర్‌ని ప్రింట్‌కి ముందే ఆపాలి. రెండు లైబ్రరీల జవాబు ఒకటేనా అని చూసుకోవడానికి పదుల ఆధారంలోకి మార్చక్కర్లేదు. హెక్స్‌లోకి మార్చి పోల్చండి. నాలుగేసి బిట్లకి ఒక అక్షరం రాసుకుంటూ పోవడమే కాబట్టి అది అంకెల సంఖ్యతో సమానంగానే పెరుగుతుంది, 4300 పరిమితి కూడా దానికి వర్తించదు. లేదా రెండు జవాబుల్నీ 1,00,00,00,007తో భాగించి శేషాలు సరిచూడండి. నిజంగానే అంకెలు ప్రింట్ కావాలంటే సిస్ మాడ్యూల్‌లో ఆ పరిమితిని సున్నాకి పెట్టుకుంటే పూర్తిగా పోతుంది. బయటివాళ్లు ఇన్‌పుట్ పంపే సర్వర్‌లో మాత్రం ఆ పని చేయకండి.

పదుల ఆధారమే కావాలంటే పైథాన్‌లోని డెసిమల్ మాడ్యూల్ వాడొచ్చు. 3.3 నుంచి అది సీలో రాసిన లైబ్రరీ మీద నడుస్తోంది, సంఖ్యని లోపల కూడా పదుల ఆధారంలోనే దాస్తుంది, కాబట్టి ప్రింట్ చిటికెలో అవుతుంది. కానీ ఇక్కడో గొయ్యి ఉంది. దాని డిఫాల్ట్ ప్రెసిషన్ 28 అంకెలే. మా టీమ్‌లో ఒకతను "డెసిమల్ వాడితే జీఎంపీ కంటే స్పీడు" అని గ్రాఫ్‌తో సహా చూపించాడు. స్పీడు రాక ఏం చేస్తుంది, ప్రతి గుణకారం తర్వాత 28 అంకెలు ఉంచుకుని మిగతావి పారేస్తోంది. ప్రెసిషన్ పెంచాక గ్రాఫ్ తిరగబడింది.

సమస్య: జీఎంపీ పెట్టినా తేడా లేదు, ఇంకా స్లో అయింది

ముందు మీ సంఖ్యలు ఎంత పెద్దవో చూడండి. 20, 30, 50 అంకెలవైతే గుణకారం మొత్తం కొన్ని మెషీన్ ఇన్‌స్ట్రక్షన్ల పని. మిగతా సమయమంతా ఫంక్షన్ పిలవడానికి, మెమరీ తీసుకోవడానికి, వస్తువు (ఆబ్జెక్ట్) తయారు చేయడానికి పోతుంది. పిడికెడు బియ్యం తేవడానికి లారీ కట్టినట్టు.

పైథాన్‌లో జీఎంపీని జీఎంపై2 ద్వారా వాడుతుంటే ఇంకో తప్పు దొర్లుతుంది. లూప్ లోపల ప్రతిసారీ మామూలు పూర్ణాంకాన్ని ఎంపీజెడ్‌గా (జీఎంపీ పూర్ణాంకంగా) మార్చి, జవాబుని మళ్లీ వెనక్కి మారుస్తుంటారు. పెద్ద సంఖ్య అయితే ఆ మార్పిడి ప్రతిసారీ 30 బిట్ల గడుల్ని 64 బిట్ల గడుల్లోకి సర్దాలి. లూప్‌కి ముందు ఒక్కసారి మార్చండి, అంతా అయ్యాక ఒక్కసారి వెనక్కి తెచ్చుకోండి.

సీలో నేరుగా జీఎంపీ వాడేవాళ్లు వేరియబుల్‌ని లూప్ లోపల ఇనిట్ చేసి (సిద్ధం చేసి), క్లియర్ చేస్తుంటారు (వదిలేస్తుంటారు). బయట ఒకసారి ఇనిట్ చేసి అదే వాడుకుంటే, చోటు సరిపోయినంత కాలం లైబ్రరీ మళ్లీ మెమరీ అడగదు. గుణించి కూడాల్సిన చోట రెండు కాల్స్ బదులు యాడ్‌మల్ ఒక్కటి చాలు. జావాలో ఈ వెసులుబాటు లేదు. బిగ్‌ఇంటీజర్ ఒకసారి తయారైతే మారదు కాబట్టి ప్రతి కూడికకీ కొత్త వస్తువు పుడుతుంది, గార్బేజ్ కలెక్టర్ వెనకాల ఊడ్చుకుంటూ వస్తుంది.

సంఖ్యలు ఎప్పటికీ 128 బిట్లు దాటవని తెలిస్తే అసలు ఈ లైబ్రరీలే వద్దు. కంపైలర్ ఇచ్చే 128 బిట్ల పూర్ణాంకం వాడుకోండి.

సమస్య: అంకెలు పెరిగేకొద్దీ తేడా పెరుగుతూనే ఉంది

ఇది నిజమైన తేడా. ఇక్కడ లైబ్రరీ మారాల్సిందే. ఎందుకో తెలుసుకోవడానికి రెట్టింపు పరీక్ష చేయండి. లక్ష అంకెల రెండు సంఖ్యల్ని గుణించి సమయం రాసుకోండి. తర్వాత రెండు లక్షలు, నాలుగు లక్షలు. ఒక్కో మెట్టుకి సమయం ఎన్ని రెట్లు పెరిగిందో చూస్తే లోపల ఏ పద్ధతి నడుస్తోందో సోర్స్ కోడ్ తెరవకుండానే చెప్పేయొచ్చు.

నాలుగు రెట్లయితే పలక పద్ధతి. మూడు రెట్లయితే కరాట్సుబా. 2.76 దగ్గర ఆగితే టూమ్-కుక్ 3, అంటే సంఖ్యని మూడు ముక్కలు చేసి గుణించే పద్ధతి. రెండుకి కాస్త పైన ఉంటే ఎఫ్ఎఫ్‌టీ (ఫాస్ట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్), బాగా పెద్ద సంఖ్యలకి వాడే పద్ధతి.

కరాట్సుబా కథ ఇక్కడ చెప్పుకోవాలి. రెండు n అంకెల సంఖ్యల గుణకారానికి n వర్గం పని తప్పదని 1960లో మాస్కోలో గణిత శాస్త్రవేత్త కొల్మొగొరోవ్ తన సెమినార్‌లో అన్నారు. ఆ సెమినార్‌లో ఉన్న 23 ఏళ్ల కరాట్సుబా కొద్ది రోజుల్లోనే అది తప్పని చూపించాడు. సంఖ్యని రెండు ముక్కలు చేస్తే నాలుగు చిన్న గుణకారాలు కావాలి కదా, కొన్ని కూడికలు తీసివేతలు కలుపుకుంటే మూడే చాలు. ఆ నాలుగూ మూడూ మధ్య తేడానే మన టైమర్‌లో కనబడేది.

సీపైథాన్ 70 గడులు దాటాక, అంటే సుమారు 630 అంకెల దగ్గర, కరాట్సుబాకి మారుతుంది. అంతే, పూర్ణాంకాల గుణకారంలో దానిపైన ఇంకే మెట్టూ లేదు. జావా 7 దాకా బిగ్‌ఇంటీజర్‌ది పలక పద్ధతే. జావా 8 నుంచి సుమారు 770 అంకెల దగ్గర కరాట్సుబా, 2300 దగ్గర టూమ్-కుక్ 3 వచ్చాయి. జీఎంపీ టూమ్‌లో ఇంకా పెద్ద రకాలు దాటుకుని చివరికి షోన్‌హేగ్-స్ట్రాసెన్ ఎఫ్ఎఫ్‌టీకి వెళ్తుంది. 1971 నాటి పద్ధతి అది. ఏ మెట్టు ఎక్కడ మొదలవ్వాలో జీఎంపీ ఒక్కో ప్రాసెసర్‌కి ఒక్కోలా కొలిచి పెట్టుకుంటుంది.

భాష మార్చకుండా లైబ్రరీ ఒక్కటే మార్చే దారి చాలాచోట్ల ఉంది. పైథాన్‌లో జీఎంపై2, పీహెచ్‌పీలో బీసీమ్యాథ్ బదులు జీఎంపీ ఎక్స్‌టెన్షన్, పెర్ల్‌లో బిగ్‌ఇంట్‌కి జీఎంపీని వెనకాల పెట్టడం, రస్ట్‌లో నమ్-బిగ్‌ఇంట్ బదులు రగ్. ఇంకా పెద్ద సంఖ్యలకి ఫ్లింట్ 3 కూడా చూడండి. దాని ఎఫ్ఎఫ్‌టీ వేరే పద్ధతిది.

సమస్య: బెంచ్‌మార్క్‌లో ఒకలా, అసలు ప్రోగ్రామ్‌లో ఇంకోలా

నేనూ చాలాకాలం పడ్డ గొయ్యి ఇది. బెంచ్‌మార్క్ రాసేటప్పుడు ఒక్క సంఖ్య తయారు చేసి, బద్ధకంతో దాన్ని దానితోనే గుణిస్తాం. జీఎంపీ, సీపైథాన్, జావా మూడూ రెండు పక్కలా ఉన్నది ఒకే వస్తువా అని చూస్తాయి. ఒకటే అయితే వర్గం చేసే కోడ్‌కి వెళ్తాయి. ఏడు ఇంటు ఎనిమిది, ఎనిమిది ఇంటు ఏడు రెండుసార్లు చేయకుండా ఒకసారి చేసి రెట్టింపు చేయడం లాంటిది అది. పలక పద్ధతిలో దాదాపు సగం పని తగ్గిపోతుంది. మీరు కొలిచింది వర్గం, ప్రోగ్రామ్‌లో వాడేది గుణకారం. రెండు వేర్వేరు సంఖ్యలు తీసుకోండి. అవి 10 ఘాతం, 2 ఘాతం రూపంలో కాకుండా యాదృచ్ఛిక బిట్లతో తయారైనవి కావాలి.

సమస్య: ఫ్యాక్టోరియల్‌లో, ఫిబొనాచీలో ఏ లైబ్రరీ అయినా స్లోగానే ఉంది

1,00,000 ఫ్యాక్టోరియల్‌లో 4,56,574 అంకెలు. 1 నుంచి మొదలుపెట్టి వరసగా గుణించుకుంటూ పోతే ప్రతిసారీ కొండంత సంఖ్యని గోరంత సంఖ్యతో గుణిస్తున్నట్టు. కరాట్సుబాకి గానీ ఎఫ్ఎఫ్‌టీకి గానీ అక్కడ చోటే లేదు. సంఖ్యల్ని సగానికి విడగొట్టి, ఒక్కో సగాన్ని మళ్లీ విడగొట్టి, చివరికి సమానమైన పెద్ద సంఖ్యలు రెండింటిని గుణించేలా రాయండి. అప్పుడు లైబ్రరీల మధ్య అసలు తేడా బయటపడుతుంది. పైథాన్ మ్యాథ్ మాడ్యూల్‌లోని ఫ్యాక్టోరియల్ ఇప్పటికే ముక్కలు చేసే చేస్తుంది, కాబట్టి దాన్ని మీ సీ లూప్‌తో పోల్చి "పైథాన్ గెలిచింది" అనుకోకండి.

10,00,000వ ఫిబొనాచీ సంఖ్య కూడా అంతే. 2,08,988 అంకెలు. లూప్‌లో చేస్తే పది లక్షల కూడికలు, రెట్టింపు సూత్రాలతో చేస్తే ఇరవై మెట్లు. మొదటిది కూడికనీ మెమరీనీ కొలుస్తుంది, రెండోది గుణకారాన్ని కొలుస్తుంది. ఒకే పేరు, రెండు వేరే పరీక్షలు.

సమస్య: ఒకే కోడ్, రెండు మెషీన్లు, రెండు రకాల వేగం

ఒకచోట జీఎంపీ అసెంబ్లీ లేకుండా ఉత్త సీ కోడ్‌తో బిల్డ్ అయి ఉండొచ్చు. కాన్ఫిగర్ చేసేటప్పుడు అసెంబ్లీని ఆపేశారేమో చూడండి. ఒకే బైనరీని చాలా రకాల మెషీన్ల మీద నడపాలంటే ఫ్యాట్ బిల్డ్ ఆప్షన్ పెట్టండి, నడిచేటప్పుడు ప్రాసెసర్‌ని గుర్తుపట్టి సరైన కోడ్ ఎంచుకుంటుంది. మీ మెషీన్‌కే సరిపోయేలా కావాలంటే ట్యూనప్ ప్రోగ్రామ్ నడిపి, అది ఇచ్చిన మెట్ల విలువలతో మళ్లీ బిల్డ్ చేసుకోవచ్చు.

ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి ఉందా చూడండి. మే నెలలో పదో రన్ మొదటి దానికంటే స్లోగా వస్తే తప్పు లైబ్రరీది కాకపోవచ్చు, ప్రాసెసర్ వేడెక్కి స్పీడు తగ్గించుకుంటోందేమో. రెండు లైబ్రరీల రన్లని ఒకటి విడిచి ఒకటి నడపండి, అప్పుడు వేడి ఇద్దరి మీదా పడుతుంది.

సమస్య: జావాలో మొదటి రన్ ఘోరం, తర్వాత బాగుంది

జిట్, అంటే ప్రోగ్రామ్ నడుస్తుండగానే దాన్ని మెషీన్ కోడ్‌గా మార్చే కంపైలర్, ఇంకా కంపైల్ చేయలేదు. జావా బెంచ్‌మార్కుల టూల్ జేఎంహెచ్ వాడండి.

సమస్య: దశాంశ సంఖ్యల లెక్కలో ఒక లైబ్రరీ మూడు రెట్ల పైగా ఎక్కువ పని చేస్తోంది

ప్రెసిషన్ యూనిట్ చూశారా? దశాంశ లెక్కల సీ లైబ్రరీ ఎంపీఎఫ్ఆర్‌కి ప్రెసిషన్ బిట్లలో చెప్పాలి. అలాంటి లెక్కలకే వాడే పైథాన్ లైబ్రరీ ఎంపీమ్యాథ్‌లో బిట్లకి ఒక సెట్టింగ్, అంకెలకి ఇంకో సెట్టింగ్ ఉన్నాయి. ఒకచోట 1000 బిట్లు, ఇంకోచోట 1000 అంకెలు పెడితే రెండోది 3322 బిట్ల లెక్క. ఒక అంకెకి 3.32 బిట్లు వేసుకుని సరిచేయండి.

తర్వాత ఎంపీమ్యాథ్ వెనకాల ఏం నడుస్తోందో చూడండి. దాని లోపలి లిబ్‌ఎంపీ మాడ్యూల్‌లో బ్యాకెండ్ పేరు ప్రింట్ చేస్తే పైథాన్ అని వచ్చిందంటే జీఎంపై2 దానికి దొరకలేదన్నమాట. చాలాసార్లు అది వేరే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో ఇన్‌స్టాల్ అయి ఉంటుంది. సరైన చోట ఇన్‌స్టాల్ చేసి, పాత కొలతలు పారేసి, మళ్లీ కొలవండి.