ఊరికెళ్తూ పిల్లిని అప్పజెప్పడం ఎలా?

గిన్నె నిండా తిండి, బొచ్చె నిండా నీళ్ళు పెట్టి, తాళం వేసి ఊరికెళ్ళిపోయేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లికి ఒక్క రాత్రి వరకైతే పర్వాలేదు. అంతకు మించితే రోజూ ఒక మనిషి వచ్చి చూడాల్సిందే. ఎండాకాలమైతే రెండు పూటలా రావాలి. నాలుగు నెలల్లోపు కూనలకు రోజుకు మూడు నాలుగు సార్లు తిండి పెట్టాలి కాబట్టి వాటిని అసలు ఒంటరిగా వదలకూడదు.

వచ్చే మనిషి గిన్నె నింపిపోతే సరిపోదు. పిల్లి తిన్నదా, మూత్రం పోసిందా అన్న రెండూ చూడాలి. రెండు మూడు రోజులు తిండి మానేస్తే పిల్లి కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికొస్తుంది, లావుగా ఉన్నవాటికి మరీను. మగపిల్లికి మూత్రనాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే చచ్చిపోవచ్చు. మీరు తిరిగొచ్చేదాకా ఆగే జబ్బులు కావివి.

పిల్లికి తన చోటే బలం. అందుకని మొదట చూడాల్సింది ఇంటికొచ్చి చూసేవాళ్ళనే. రోజూ మందు వేయాల్సి ఉన్నా, నమ్మకమైన మనిషి దొరక్కపోయినా అప్పుడు బోర్డింగ్, అంటే డబ్బు తీసుకుని పిల్లిని తమ దగ్గరే ఉంచుకునే చోటు, సంగతి ఆలోచించండి. అక్కడ కుక్కల అరుపులు వినపడని వేరే గది ఉందో లేదో మీరే వెళ్ళి చూడండి. మే నెలలో అయితే మిట్టమధ్యాహ్నం వెళ్ళండి, తిరుపతి ఎండకు ఆ గది ఎలా ఉడుకుతుందో తెలుస్తుంది. టీకాల కార్డు అడగని చోట వదలొద్దు. టీకాలు బాకీ ఉంటే కనీసం రెండు వారాల ముందే వేయించాలి.

పక్కింటివాళ్ళకు అప్పజెప్పేటప్పుడు మన తిరుపతిలో ఒక చిక్కుంది. చాలా ఇళ్ళలో మాంసం ముట్టరు. ఉడికించిన చికెన్ పెట్టమని వాళ్ళను ఇబ్బంది పెట్టే బదులు పిల్లినే డ్రై ఫుడ్‌కి (ప్యాకెట్లో దొరికే పొడి గింజల తిండికి) అలవాటు చేయండి. దానిక్కూడా అభ్యంతరం లేదని ముందే కనుక్కోండి, ఆ గింజల్లోనూ మాంసం ఉంటుంది. పాత తిండిలో కొద్దికొద్దిగా కలుపుతూ వారం పది రోజుల్లో పూర్తిగా మార్చాలి, ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి. పెరుగన్నం తింటుంది కదా అంటారు. తింటుంది, కానీ పిల్లికి కావాల్సిన టారిన్ అనే పోషకం అందులో ఉండదు.

నాలుగు కిలోల పెద్ద పిల్లికి రోజుకు సుమారు 50 నుంచి 60 గ్రాముల డ్రై ఫుడ్ చాలు. ప్యాకెట్ మీద రాసింది కూడా ఒకసారి చూసుకోండి. రోజుకొక చిన్న కవరులో తూచి, తేదీ రాసి, గట్టి మూత డబ్బాలో పెట్టండి. వానాకాలం మూత వదులైతే గింజలు మెత్తబడతాయి, పిల్లి మూతి తిప్పేస్తుంది. చీమలకు మందు పొడి చల్లొద్దు. వెడల్పు పళ్ళెంలో వేలెడు నీళ్ళు పోసి మధ్యలో తిండి గిన్నె పెడితే చాలు. తాగే నీళ్ళు మాత్రం రెండు గదుల్లో రెండు గిన్నెల్లో పెట్టాలి, ఒకటి బోర్లా పడ్డా రెండోది ఉంటుంది. వెట్ ఫుడ్ (ప్యాకెట్లో వచ్చే తడి తిండి) పెడితే, గంటలో తినకపోయినది ఎండాకాలం పారేయాల్సిందే.

లిట్టర్ ట్రేలు, అంటే పిల్లి మలమూత్రాలకు ఇసుకలాంటి లిట్టర్ పోసి పెట్టే పళ్ళేలు, పిల్లుల లెక్క కంటే ఒకటి ఎక్కువ ఉండాలి. లిట్టర్ మూడు వేళ్ళ మందాన పోయండి. తడిసి గడ్డకట్టిన ఉండలు రోజూ తీసేయాలి, తీసేటప్పుడు లెక్కపెట్టాలి. మామూలుగా రోజుకు రెండు నుంచి నాలుగు మూత్రపు ఉండలుంటాయి. ఒక రోజంతా ఒక్కటీ లేకపోతే ఫోన్ చేయమనండి. మగపిల్లి మాటిమాటికి ట్రేలో కూర్చుని ముక్కుతుంటే ఫోన్లో మాట్లాడుతూ కూర్చోకుండా ఆ గంటలోనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. తిరుపతిలో వెటర్నరీ యూనివర్సిటీ ఆస్పత్రి ఉంది. దాని ఓపీ వేళలు, రాత్రిపూట తీసి ఉండే క్లినిక్ నంబరు వెళ్ళేముందే కనుక్కోండి. చిత్తూరు వాళ్ళు తమ డాక్టరు నంబరు రాసిపెట్టాలి.

ఇవన్నీ నోటితో చెబితే నిలవవు. ఫ్రిజ్ మీద కాగితం అంటించండి, ఇలా:

"నల్లోడు. మగ, 4 కిలోలు, ఆపరేషన్ అయింది. పొద్దున 7కి, సాయంత్రం 6కి సగం సగం కవరు. పాలు వద్దు. భయపడితే బీరువా వెనక దూరతాడు, లాగొద్దు. డాక్టరు నంబరు ఇది. వైద్యానికి 3,000 రూపాయల దాకా మమ్మల్ని అడగకుండా ఖర్చు పెట్టండి, డబ్బు సొరుగులో ఉంది."

ఆ చివరి వాక్యం చాలామంది రాయరు. ఫోన్ కలవని సమయంలో దాని విలువ తెలుస్తుంది.

వెళ్ళేముందు ఆ మనిషిని రెండు మూడు సార్లు పిలిచి, మీరుండగానే ఆమె చేత్తో తిండి పెట్టించండి. తలుపు సంగతి అప్పుడే చూపించాలి. లోపలికొచ్చి గ్రిల్ గేటు మూశాకే అసలు తలుపు తీయాలి. పిల్లులు ఎక్కువగా తప్పించుకునేది తలుపు తెరిచిన ఆ క్షణంలోనే. వెళ్ళిపోయేటప్పుడు బీరువా, వాషింగ్ మెషీన్ లోపల కూడా చూడమనండి.

ఇంట్లోంచి తీసేయాల్సినవి కొన్నున్నాయి. పారాసిటమాల్ ఒక్క మాత్రతో కూడా పిల్లి చావొచ్చు. నాఫ్తలీన్ ఉండలు, బొకేల్లో వచ్చే పెద్ద లిల్లీ పూలు (దండల్లో కట్టే లిల్లీ కాదు), కుక్కలకు వేసే పర్మెత్రిన్ చుక్కల మందు కూడా విషమే. దేవుడి పటాల నుంచి తీసిన పూలదండల దారం ఎవరూ పట్టించుకోరు. పిల్లి దాన్ని మింగితే పేగుల్లో చుట్టుకుంటుంది.

గంగమ్మ జాతర, దీపావళి రోజుల్లో చప్పుళ్ళకు పిల్లి బెదురుతుంది. ట్రే, నీళ్ళు, ఒక అట్టపెట్టెతో లోపలి గదిలో ఉంచమనండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల కాలం. 2021 నవంబరులో మాదిరి వీధులు మునిగితే వచ్చే మనిషి రాలేకపోవచ్చు. నడిచి రాగల దూరంలో ఉండే ఇంకొకరి దగ్గర రెండో తాళంచెవి ఉంచండి.

పిల్లి కరిచినా రక్కినా, ఆ చోట సబ్బుతో పదిహేను నిమిషాలు పారే నీళ్ళ కింద కడిగి, తిరుపతిలోని రుయా ఆస్పత్రికో దగ్గర్లోని ప్రభుత్వాస్పత్రికో వెళ్ళాలి. ఇంటి పిల్లేలే అని ఊరుకోవద్దు.

ఒకవేళ తప్పించుకుపోతే ఊరంతా తిరగనక్కర్లేదు. ఇంట్లోనే పెరిగిన పిల్లి చాలాసార్లు నాలుగైదిళ్ళ లోపే నక్కి ఉంటుంది. మెట్ల కింద, నీళ్ళ సంపు పక్కన, బండ్ల కింద రాత్రి సందడి తగ్గాక టార్చి వేసి చూడాలి, కళ్ళు మెరుస్తాయి. కనిపిస్తే వెంటపడకుండా, తిండి డబ్బా గలగలలాడించి కూర్చోవాలి.