పెట్రోల్‌తో నడిచే గడ్డి కోసే యంత్రం స్టార్ట్ కాకపోతే

గుంటూరులో వానలు మొదలై పెరట్లో గడ్డి మోకాలెత్తు పెరిగాక, వేసవంతా మూలన పడి ఉన్న యంత్రాన్ని బయటికి తీసి ఎన్నిసార్లు తాడు లాగినా ఇంజన్ పలకకపోతే, ముందుగా అనుమానించవలసింది ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలునే. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక, నెల దాటి నిలవ ఉన్నదాన్ని పూర్తిగా తీసివేసి తాజాది పోయాలి. హ్యాండిల్‌పై బ్రేక్ లివర్ ఉంటే, దానిని నొక్కి పట్టుకునే తాడు లాగాలి.

అప్పటికీ కదలకపోతే, ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్గు విప్పి చూడాలి. కొన తడిసి పెట్రోలు వాసన వేస్తుంటే పెట్రోలు ఎక్కువైందని అర్థం. ప్లగ్గును తుడిచి ఆరబెట్టి, పావుగంట ఆగి, చోక్ (ఇంజన్‌కు వెళ్లే గాలిని తగ్గించే మీట) వేయకుండా తాడు లాగాలి. పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదు. చాలాసార్లు, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ అడుగు గిన్నెలో జిగురు పేరుకుని, పెట్రోలు వెళ్లే వెంట్రుకంత సన్నని జెట్ రంధ్రం మూసుకుపోయి ఉంటుంది. దానిని సూదితో పొడిచేవారు ఉన్నారు గాని, అలా చేస్తే రంధ్రం పెద్దదై మరో తలనొప్పి మొదలవుతుంది. క్లీనర్ స్ప్రే కొట్టడమే మేలు. ప్లగ్గు కొనకు నల్లని మసి పట్టి ఉంటే ఎయిర్ ఫిల్టర్‌లోని దుమ్మును దులపాలి. బ్లేడు దగ్గర చేయి పెట్టే ముందు మాత్రం ప్లగ్గు క్యాపు పీకి పక్కకు ఉంచాలి.