నమూనా వర్క్‌షాపులో నెగ్గి బయట ఓడిపోతోందా? ముందు బ్రీఫ్ తీయండి

ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే విశాఖలో ఇంజనీరింగు, డిజైన్ విద్యార్థుల నుంచి ఒకే ఫిర్యాదు వింటాను. "పరీక్షలో బాగానే పనిచేసిందండీ, ఇచ్చి వచ్చాక వాళ్లు వాడటం లేదు." వెంటనే రేకు మందం మారుస్తారు, జిగురు మారుస్తారు, డ్రాయింగులు తిరగేస్తారు. బ్రీఫ్ కాగితాన్ని, అంటే ఏం తయారు చేయాలో మొదట్లో రాసుకున్న కాగితాన్ని మాత్రం ఎవరూ బయటికి తీయరు. దయచేసి మొదట అదే తీయండి.

కొలతలు తీయడం, నమూనా కట్టడం మీకు తెలుసనే అనుకుంటున్నాను. ఉదాహరణకు ఇక్కడ చాలామంది ఎంచుకునే పనే చూద్దాం: ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కొని వీధివీధీ తిరిగి అమ్మే మహిళలకు ఐసు పెట్టె.

లక్షణం: మీ దగ్గర ఐసు 6 గంటలు నిలిచింది, వాళ్ల దగ్గర మధ్యాహ్నానికే నీళ్లయింది

కారణం: బ్రీఫ్‌లో అంకె ఉంది, ఆ అంకె ఏ పరిస్థితిలో నిలవాలో లేదు. "6 గంటలు ఐసు నిలవాలి" అన్న వాక్యం చూడటానికి పక్కాగా ఉంటుంది. కొలవవచ్చు, గైడుకూ నచ్చుతుంది. అందుకే దాన్ని ఎవరూ అనుమానించరు. పరీక్ష రోజున ఖాళీ పెట్టెలో ఐసు నింపి, మూత బిగించి, నీడలో పెడతారు. 6 గంటల తర్వాత తెరిస్తే ఐసు ఉంటుంది. రిపోర్టులో "విజయవంతం" అని రాసేస్తారు.

ఇప్పుడు లెక్క వేయండి. కిలో ఐసు కరగడానికి దాదాపు 334 కిలోజౌళ్ల వేడి కావాలి. 10 కిలోల చేపలను 30 డిగ్రీల నుంచి సున్నాకు దించాలంటే ఇంచుమించు 1,080 కిలోజౌళ్లు లాగేయాలి. అంటే 3 కిలోల పైచిలుకు ఐసు చేపలు చల్లబడటానికే ఖర్చు. ఖాళీ పెట్టె పరీక్షలో ఈ ఖర్చు కనిపించనే కనిపించదు.

రెండో దొంగ మన ఉక్కపోత. బేరం వచ్చినప్పుడల్లా మూత తెరుస్తారు, సముద్రపు తేమ గాలి లోపలికి పోతుంది, ఆ ఆవిరి ఐసు మీద నీరుగా మారుతుంది. అలా ఒక్క గ్రాము ఆవిరి నీరయితే సుమారు 2,500 జౌళ్ల వేడి విడుదలవుతుంది. అది 7 గ్రాములకు పైగా ఐసును కరిగిస్తుంది. ఈ సంగతి పట్టించుకోని బృందాలు థర్మోకోల్ మందం రెట్టింపు చేస్తాయి. మూత దారిన వచ్చే వేడిని గోడ ఎలా ఆపుతుంది? పైగా పెట్టె బరువెక్కి, ఎత్తుపల్లాల వీధుల్లో మోయలేనిదవుతుంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే ఆ బరువు మోసేది డిజైన్ చేసినవాళ్లు కాదు.

పరిష్కారం: తెల్లవారుజామున వేలం సమయానికి హార్బర్‌కు వెళ్లండి. అనుమతి అడిగి, ఒకరి వెంట బేరం ముగిసేదాకా నడవండి. ఎన్ని కిలోలు కొన్నారు, ఎంత ఐసు వేశారు, మూత ఎన్నిసార్లు తెరిచారు, ఆటోలోకి ఎవరు ఎత్తారు, ఎక్కడ కడిగారు అన్నీ రాసుకోండి. ఆ తర్వాత బ్రీఫ్‌ను ఇలా తిరగరాయండి: "10 కిలోల చేపలు, 5 కిలోల ఐసు, మే నెల ఎండ, పావుగంటకోసారి మూత తెరవడం. ఒక మనిషి ఎత్తగలిగే బరువులో ఉండి, మధ్యాహ్నం 12 వరకు చేపల మీద ఐసు మిగలాలి." అంకెలు మీరు చూసినవి వేసుకోండి. ఈ వాక్యమే మీ పరీక్ష పద్ధతి కూడా. డ్రాయింగు మొదలుపెట్టక ముందే తేదీ వేసి దాచండి, లేకపోతే పరీక్ష నమూనాకు తగ్గట్టు వంగిపోతుంది.

పరీక్షలో ఆమె ఇప్పుడు వాడుతున్న పెట్టెను కూడా పక్కనే పెట్టండి. అదే ఐసు, అవే చేపలు, అదే ఎండ. చివర్లో మిగిలిన ఐసును తూచండి. కారిన నీటిని కొలిస్తే లెక్క తప్పుతుంది, అందులో గాలి నుంచి వచ్చిన నీరు కూడా కలిసి ఉంటుంది. కారణం మూతే అని తేలితే గోడ జోలికి పోకండి. కాసేపట్లో అమ్మేవాటికి పైన చిన్న అర, మిగతా సరుకుకు కింద మూసి ఉంచే అర పెట్టి చూడండి.

లక్షణం: అడిగితే బాగుందంటారు, మళ్లీ వెళితే పెట్టె మూలన ఉంటుంది

"బాగుంది బాబూ" అనేది మర్యాద, పరీక్ష ఫలితం కాదు. అభిప్రాయం అడగకుండా చేతులను చూడండి. చాలాసార్లు తప్పు బ్రీఫ్‌లోని వస్తువు పేరులోనే ఉంటుంది. "చక్రాల పెట్టె తయారు చేయాలి" అని రాసుకున్నప్పుడే చక్రాలు ఖాయమయ్యాయి. ఆమె వెళ్లేది ఆటోలో అయితే అవి అడ్డమే. వస్తువు పేరు కొట్టేసి అవసరం రాయండి: అమ్మేదాకా చేప చెడిపోకూడదు.

లక్షణం: బోల్టుల చుట్టూ తెల్లని పొడి

అల్యూమినియం రేకులో స్టెయిన్‌లెస్ బోల్టు, మధ్యలో ఉప్పు తేమ. అల్యూమినియం తినుకుపోతుంది. నైలాన్ వాషరు, స్లీవు (బోల్టుకు తొడిగే గొట్టం) వేసి రెండింటినీ విడదీయండి.

అతుకు లీకులు, నాసిరకం షీటు, పట్టని జిగురు అరుదు. ఉంటే కంటికే కనిపిస్తాయి, బాగుచేసి ముందుకు వెళ్లండి.

మళ్లీ పరీక్షించేటప్పుడు ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. డిసెంబరులో వచ్చిన ఫలితాన్ని మే నెలకు వాడకండి. ఎండలు ముదిరాక అదే కాగితంతో మరోసారి హార్బర్‌కు వెళ్లండి.