వైట్ రిమ్ రోడ్డు మీద మూడు రోజులు: జీప్ ప్రయాణానికి ఎలా సిద్ధం కావాలి?

అమెరికాలో యూటా రాష్ట్రం, కేన్యన్‌ల్యాండ్స్ నేషనల్ పార్క్. అక్కడి వైట్ రిమ్ రోడ్డు పొడవు 100 మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో బయల్దేరి సూర్యాపేట దాటి ఇంకాస్త ముందుకెళ్తే అంతే దూరం. "దానికి మూడు రోజులెందుకు బావా, పొద్దున టిఫిన్ చేసి బయల్దేరితే సాయంత్రానికి వచ్చేయమా?" అన్నాడు మా బావమరిది. రెండో రోజు మధ్యాహ్నానికి ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

పైన బల్లపరుపు గట్టు. దానికి దాదాపు వెయ్యి అడుగుల కింద, ఇంటి ముందు అరుగులా చుట్టూ పరుచుకున్న తెల్లరాయి. ఆ అరుగు అంచునే రోడ్డు. ఇంకా కిందికి చూస్తే ఒక వైపు కొలరాడో నది, ఇంకో వైపు గ్రీన్ నది. 1950లలో యురేనియం వెతుక్కునేవాళ్ల లారీల కోసం వేసిన దారి ఇది. పార్కు వచ్చింది ఆ తర్వాత, 1964లో. తారు లేదు, పెట్రోలు బంకు లేదు, తాగే నీళ్లు లేవు, ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

మైళ్లు కాదు, గంటలు లెక్కేయండి

మంచి దారిలో గంటకి 15 మైళ్లు, రాళ్ల మెట్లున్న చోట నడక వేగం. ఫొటోలకి దిగడం, ఎదురు బండికి దారివ్వడం, భోజనం కలుపుకుంటే రోజుకి 30, 35 మైళ్లు హాయిగా సాగుతాయి. నీళ్లు, పెట్రోలు, రాత్రి ఎక్కడ దిగాలి అన్నవన్నీ ఈ లెక్క మీదే నిలబడతాయి. ఒక్క రోజులో చుట్టేసేవాళ్లూ ఉన్నారు. తెల్లవారుజామున మొదలుపెట్టి చీకటిపడ్డాక తేలతారు. రోజంతా స్టీరింగే తప్ప వాళ్లు చూసేదేమిటో నాకు అర్థం కాదు.

తేదీ ముందు, బండి తర్వాత

ఏప్రిల్, మే నెలలు, మళ్లీ సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు దాకా మంచి కాలం. నడి వేసవిలో ఎండ 38 డిగ్రీలు దాటుతుంది, నీడ అన్నది ఉండదు. జూలై నుంచి సెప్టెంబరు వరకు ఉరుముల వానలొస్తే ఎండు వాగులకి ఒక్కసారిగా వరద తగులుతుంది. 2010 ఆగస్టులో అలాంటి వానకే, రోడ్డుకి ఒక కొసన మినరల్ బాటమ్ దగ్గర పైకెక్కే మలుపుల దారి కొట్టుకుపోయింది. చలికాలంలో ఇంకో కొసనున్న షేఫర్ దిగుడు మీద మంచు గడ్డకడుతుంది.

పర్మిట్ లేకుండా ఒక్క రోజుకైనా వెళ్లనివ్వరు. రాత్రి బసకి పది చోట్ల కలిపి ఇరవై సైట్లే ఉన్నాయి. ఒక్కో బృందానికి మూడు బండ్లు, పదిహేను మంది వరకే. రిక్రియేషన్ డాట్ గవ్ సైట్‌లో వసంతకాలం తేదీలు ముందు ఏడాది నవంబరులోనే తెరుచుకుంటాయి, మంచి సైట్లు గబగబా అయిపోతాయి. లాంగ్ వీకెండ్ దొరికింది కదా అని వారం ముందు చూస్తే ఏమీ మిగలదు. ఆఫీసులో సెలవు అడగకముందే ఇది చూసుకోండి.

సవ్యదిశలో, అంటే షేఫర్ దగ్గర దిగి మినరల్ బాటమ్ దగ్గర పైకొచ్చేలా వెళ్తే మొదటి రాత్రికి గూస్‌బెర్రీ సైటు, రెండో రాత్రికి పొటాటో బాటమ్ సైటు అడగండి. మూడు ముక్కలూ దాదాపు సమానంగా తెగుతాయి. పొటాటో బాటమ్ నది పక్కన కాబట్టి మే చివర్లో దోమలుంటాయి. దానికి బదులు మర్ఫీ హాగ్‌బ్యాక్ దొరికితే మూడో రోజు దారి పెరుగుతుంది, కానీ కొండ వెన్ను మీద పడక, రెండు వైపులా లోయలు. నేనైతే పెరిగిన దారికే ఒప్పుకుంటాను.

ఏ బండి?

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఇంట్లో ఉన్న ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ మంచులో బ్రహ్మాండంగా నడుస్తుంది కాబట్టి ఇక్కడా నడుస్తుందనుకుంటారు. పార్కు అడిగేది ఫోర్ వీల్ డ్రైవ్, అందులోనూ లో రేంజ్ గేరు, నేలకి బాగా ఎత్తుగా ఉండే బండి. లో రేంజ్ ఎందుకంటే నిటారు దిగుడులో బ్రేకు తొక్కి పట్టుకుంటే బ్రేకులు వేడెక్కి పట్టు సడలుతాయి. లో రేంజ్ వేసి మొదటి గేరులో వదిలితే ఇంజినే బండిని పట్టి నెమ్మదిగా దింపుతుంది. ఆ గేరు లేని బండితో దొరికితే జరిమానా తప్పదు.

ఎయిర్‌పోర్టులో అద్దెకిచ్చే బండ్ల ఒప్పందాల్లో మట్టిదారి ఎక్కకూడదనే ఉంటుంది. ఎక్కితే ఇన్సూరెన్స్ పోయినట్టే. పార్కుకి దగ్గర్లోని మోయబ్ ఊళ్లో ఈ దారుల కోసమే జీపులు అద్దెకిస్తారు, ఖరీదెక్కువైనా అక్కడే తీసుకోండి. వైట్ రిమ్ అని పేరు పెట్టి అడిగి, కాగితం మీద రాయించుకోండి. చెడిపోయిన బండిని అక్కణ్ణుంచి లాక్కురావడానికి వెయ్యి డాలర్ల పైనే అవుతుంది.

నీళ్లు, పెట్రోలు, తిండి

మనిషికి రోజుకి నాలుగు లీటర్లు. నలుగురికి మూడు రోజులకి 48. ఇరుక్కుపోతే ఇంకో రోజుకని మరో 16. మొత్తం 64 లీటర్లు, అంటే 64 కిలోల బరువు, డిక్కీలో అడుగున పెట్టి బెల్టుతో బిగించాలి. అంతా ఒకే డబ్బాలో పోయకండి, మూత ఊడితే ప్రయాణం అక్కడితో సరి. గ్రీన్ నది ఉంది కదా అనుకోవద్దు. అది బురద నీళ్లు, తేరనిస్తే తప్ప ఫిల్టర్లోంచి కూడా దిగవు.

మోయబ్ నుంచి వెళ్లి మళ్లీ మోయబ్ చేరడానికి 170 మైళ్ల దాకా అవుతుంది. ఫుల్ ట్యాంక్ సరిపోవాలి. కానీ మే, జూన్ నెలల్లో కొండల మంచు కరిగి గ్రీన్ నది పొంగితే పొటాటో బాటమ్ దాటాక రోడ్డు నీళ్లలో ఉండొచ్చు. అప్పుడు వచ్చిన దారినే వెనక్కి తిరగాలి. ఒక ఐదు గ్యాలన్ల డబ్బా అందుకే. బయల్దేరే రోజు విజిటర్ సెంటర్‌లో రేంజర్‌ని అడిగేది కూడా ఇదే: "నది ఎలా ఉంది?"

తిండికి మొదటి రోజు చింతపండు పులిహోర, రెండో రోజు చపాతీల్లో ఆవకాయ, మూడో రోజు ఉప్మా. కట్టెల మంట వేయడానికి వీల్లేదు, గ్యాస్ స్టవ్ పట్టుకెళ్లండి. సైట్ల దగ్గర మరుగుదొడ్లున్నాయి, చెత్తకుండీలు లేవు. కుక్కపిల్లని బండిలో కూచోబెట్టి తీసుకెళ్లడం కూడా కుదరదు.

టైర్లు

రాతిదారికి టైర్లలో గాలి తగ్గించాలి. 35 పీఎస్‌ఐ ఉంటే 22 దాకా దించండి. టైరు మెత్తబడి రాయిని ఒరుసుకోకుండా హత్తుకుంటుంది, నడుము కూడా బతికిపోతుంది. మళ్లీ నింపుకోడానికి బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసర్ తప్పనిసరి.

మొదటిసారి వెళ్లినప్పుడు మర్ఫీ ఎక్కడానికి రెండు మైళ్ల ముందు వెనక టైరు పక్కగోడ చీలింది. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, నాకేం భయం అనుకున్నాను. జాకీ పెట్టి రెండు తిప్పులు తిప్పానో లేదో, బండి లేవలేదు సరికదా జాకీయే ఇసుకలోకి దిగబడింది. మా ఆవిడ కూరగాయలు తరిగే చెక్క తెచ్చి కింద పెట్టింది. బండి లేచింది. నట్లు నాలుగు ఊడాయి. ఐదోది తాళం నట్టు, దానికి వేరే తొడుగు ఉండాలి. బండి అద్దెకిచ్చినవాళ్లు దాన్ని పెట్టడం మరిచిపోయారు. గ్లవ్ బాక్సు, సీట్ల కింద, ఆఖరికి ఆవకాయ సంచీలో కూడా వెతికాం. గంటన్నర తర్వాత ఎదురొచ్చిన ముసలాయన తన పెట్టెలోంచి ఒక పాత సాకెట్ తీసి, సుత్తితో నట్టు మీద బిగగొట్టి ఊడదీశాడు.

అందుకని బండి తీసుకునే చోటే, పార్కింగ్‌లోనే, ఒక చక్రం ఊడదీసి మళ్లీ బిగించి చూడండి. పావుగంట పని. జాకీ కిందకి అడుగు వెడల్పు ప్లైవుడ్ ముక్క, టైరు పంక్చర్ కిట్, లాగే బెల్టు, పార. ఫోన్‌లో మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, కాగితం మ్యాపు కూడా ఉంచుకోండి. గార్మిన్ ఇన్‌రీచ్‌లాంటి శాటిలైట్ మెసెంజర్ ఉంటే ఇంట్లోవాళ్లకి రాత్రిపూట ఒక మాట చేరుతుంది. ఎన్నింటికి కబురు రాకపోతే పార్కుకి ఫోన్ చేయాలో వాళ్లకి చెప్పి వెళ్లండి.

దారి మీద

షేఫర్ దిగుడు తిరుమల ఘాట్ రోడ్డుని గుర్తుచేస్తుంది, పిట్టగోడ మాత్రం ఉండదు. ఎక్కే బండికే మొదటి హక్కు. దిగేవాళ్లే వెడల్పు చోటు చూసుకుని ఆగాలి, అవసరమైతే వెనక్కి తీయాలి. మర్ఫీ, హార్డ్‌స్క్రాబుల్ ఎక్కుడుల దగ్గర ఒకరు కిందికి దిగి ముందు నడిచి, ఎదురెవరూ లేరని చూసి చెయ్యి ఊపాలి. మలుపు అవతల ఏముందో డ్రైవరుకి తెలియదు, బానెట్ తప్ప ఏమీ కనపడదు.

రోడ్డు పక్కన నల్లగా, గరుకుగా, బూజు పట్టినట్టున్న మట్టి కనిపిస్తే దాని మీద కాలు పెట్టకండి. సయనోబాక్టీరియా, నాచు, లైకెన్లు కలిసి కట్టిన పెంకు అది, ఇసుక ఎగిరిపోకుండా పట్టి ఉంచుతుంది. ఒక్క అడుగుకి విరిగింది మళ్లీ కట్టుకోవడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. ఫొటోకైనా, ఒంటేలుకైనా రాతి మీదుగానో ఎండిన వాగులోంచో నడవండి.

వాన మొదలైతే ఆగిపోండి. ఈ మట్టి తడిస్తే రేగడి కంటే అన్యాయం, ఫోర్ వీల్ ఉన్నా బండి పక్కకి జారుతుంది. చాలాసార్లు కొన్ని గంటల ఎండతో గట్టిపడుతుంది. ఆ ఇంకో రోజు నీళ్లు అప్పుడే పనికొచ్చేది.

మినరల్ బాటమ్ మలుపులెక్కాక తారురోడ్డుకి ఇంకో 13 మైళ్ల మట్టిదారి ఉంటుంది. తారు అంచున ఆగి నాలుగు టైర్లకీ గాలి నింపండి, టైరుకి ఐదారు నిమిషాలు. మోయబ్‌లో కారు కడిగే చోట చక్రాల లోపలి వైపు గట్టిగా నీళ్లు కొట్టించండి. రిమ్ముల్లో ఎండిన ఎర్రమట్టితో హైవే ఎక్కితే 60 మైళ్ల వేగానికే స్టీరింగ్ వణుకుతుంది, బండి పాడైందని దారంతా బెంగ.