హాస్కెల్‌లో పేర్ల ఎర్రర్లు, సింటాక్స్ ఎర్రర్లు ఎలా సరిచేసుకోవాలి?

హాస్కెల్ కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్ జీహెచ్‌సీ (GHC) ఇన్‌స్టాల్ చేస్కోండి, ఎడిటర్ ఏదైనా పర్లేదు, ట్యాబ్ కొడితే స్పేసులు పడేలా సెట్టింగ్ మార్చేయండి. కంపైలర్ ట్యాబ్‌ని 8 కాలమ్‌ల చొప్పున లెక్కేస్తుంది, మీ ఎడిటర్ 4 చూపిస్తే మీకు కరెక్ట్‌గా కనిపించే కోడ్ దానికి వంకరగా ఉంటుంది.

ముందు పేర్లు. ఫంక్షన్లు, వేరియబుల్స్ స్మాల్ లెటర్‌తో, టైపులు, కన్‌స్ట్రక్టర్లు (ఆ టైపు విలువల్ని తయారుచేసేవి), మాడ్యూల్స్ క్యాపిటల్‌తో మొదలవ్వాలి. ఇది స్టైల్ కాదు, గ్రామర్. ఫంక్షన్‌ని క్యాపిటల్‌తో పిలిస్తే అలాంటి డేటా కన్‌స్ట్రక్టర్ స్కోప్‌లో లేదంటుంది, అంటే ఆ పేరు తనకి తెలీదని, జనాలేమో వెళ్లి ఇంపోర్టులు కెలుకుతారు. పేరు మధ్యలో హైఫన్ వద్దు, తీసివేత అనుకుంటుంది.

ఫంక్షన్‌కి ఆర్గ్యుమెంట్లు స్పేస్‌తోనే ఇవ్వాలి. బ్రాకెట్లో కామాతో ఇస్తే అది టపుల్, అంటే అన్నీ కలిపి ఒకే విలువ. మైనస్ నంబర్‌ని మాత్రం బ్రాకెట్లో పెట్టాల్సిందే.

ఇప్పుడు అసలు విషయం, ఇండెంటేషన్, అంటే లైన్ ముందు వదిలే ఖాళీ. దయచేసి ఇక్కడ నిదానంగా చదవండి. వేర్ (where), లెట్ (let), డూ (do), ఆఫ్ (of), ఈ నాలుగింటి తర్వాత వచ్చే మొదటి పదం ఏ కాలమ్‌లో ఉందో అదే ఆ బ్లాక్‌కి గీత. తర్వాతి లైన్ అదే కాలమ్‌లో మొదలైతే కొత్త స్టేట్‌మెంట్, కుడికి జరిగితే పై లైన్‌కి కొనసాగింపు, ఎడమకి జరిగితే బ్లాక్ అయిపోయినట్టే. అందుకే తప్పు ఒక లైన్లో ఉంటే పార్స్ ఎర్రర్ (సింటాక్స్ ఎర్రరే) చాలాసార్లు దాని కింద లైన్లో చూపిస్తుంది, ఎప్పుడూ పై లైన్ కూడా చూడండి.

డూ రాయగానే ఎంటర్ కొట్టి, కింద 4 స్పేసులు లోపలికి మొదలుపెట్టండి, ఇది హాస్కెల్ రూల్ కాదు, నా రూల్. అదే లైన్లో మొదటి స్టేట్‌మెంట్ రాసేసి మిగతావి దాని కిందకి అలైన్ చేసే పద్ధతి చాలామంది నేర్పిస్తారు, చూడ్డానికి బానే ఉంటుంది, కానీ రేపు ఫంక్షన్ పేరు మారిస్తే మొదటి స్టేట్‌మెంట్ జరిగిపోతుంది, కిందవన్నీ అక్కడే ఉండిపోతాయి, మొత్తం విరిగిపోతుంది. కర్లీ బ్రాకెట్లు, సెమికోలన్లు వాడితే ఈ గొడవే లేదని ఇంకొందరంటారు, నిజమే, హాస్కెల్ ఒప్పుకుంటుంది, కానీ బయట దొరికే కోడ్ దాదాపు అంతా ఇండెంటేషన్‌తోనే ఉంటుంది, అది చదవడం మీకెప్పుడొస్తుంది?

డూ లోపల లెట్‌కి ఇన్ (in) పెట్టకండి. బ్లాక్‌లో చివరి లైన్ ఎక్స్‌ప్రెషనే అవ్వాలి, లెట్‌తో ముగించకూడదు. గార్డులు, అంటే నిలువు గీత పెట్టి రాసే కండిషన్లు, వాడేటప్పుడు మొదటి నిలువు గీతకి ముందు ఈక్వల్ టు పెట్టకండి, అది ప్రతి గార్డ్ కండిషన్ తర్వాత వస్తుంది.

ఫైల్ మొత్తం రాసేదాకా ఆగకుండా, ఒక్కో ఫంక్షన్ అవ్వగానే జీహెచ్‌సీఐలో (జీహెచ్‌సీతో పాటే వచ్చే, కోడ్‌ని అక్కడికక్కడే నడిపి చూసే టూల్) రీలోడ్ కొట్టి, ముందు మొదటి ఎర్రర్ ఒక్కటే సరిచేయండి.